ఏడో ఫ్యూజు

నాలుగు దినాలు నిలబెడితే చాలు,
ఐదో దినం తాళం తిప్పితే
టక్ మని ఒక్క చప్పుడు. అంతే.
ఉగాది నుంచి ఇప్పటికి
మూడో బ్యాటరీ కొన్నాడు ఓబుళేసు.

రెండే సీట్ల బండి.
ఒకప్పుడు ఎర్రగా ఉండేదంట,
ఇప్పుడు పోయినేటి మిరపకాయ రంగు.
బెంగుళూరులో ఎవరో పందేలకు తిప్పి తిప్పి
వదిలేసిన ముసలి గుర్రం.
నేలకు జానెడెత్తు.
గుత్తి స్టేషన్ రోడ్డులో దాని కడుపు గీరుకోని గుంత లేదు.
"ముప్పైరెండేండ్లు నిలబడే పనిచేస్తి,
ఇంత కింద కూర్చుంటే సుఖంగా ఉందప్పా" అంటాడు
రిటైరైన కండక్టరు.

నా షెడ్డుకు నలుగురు తోసుకొచ్చినారు.
నలుగురూ డైనమో అన్నారు.
చూసినా. పద్నాలుగు వోల్టులు, దాని తప్పు లేదు.
బ్యాటరీ కొత్తది, దాని తప్పూ లేదు.
పోసేది పోస్తానే ఉంది,
కుండకే యాడో చిల్లి.

మైనస్ వైరు ఊడదీసి మధ్యన మీటరు పెట్టినా.
గొళ్లెంలో స్క్రూడ్రైవరు దూర్చి
తలుపు మూసినట్టు బండిని నమ్మించినా.
"గమ్మునుండండి సామీ, నిద్రపోనీండి దాన్ని" అంటే
ఓబుళేసు నిజంగానే గొంతు తగ్గించినాడు.
మా పిల్లోడు కుళ్లాయప్ప
బటానీలు నమలడం ఆపినాడు.

సున్నా పాయింటు నాలుగు రెండు.
నిద్రపోయే బండి తినే కూడు కాదిది.
లోపల ఎవరో మేలుకోనుండారు.

ఒక్కో ఫ్యూజు పీకుతా పోయినా.
హారనుది. అంకె కదల్లేదు.
వైపర్లది (ఈ ఊర్లో వైపర్లతో పనేముంది,
వాన మొగం చూసి ఎన్నాళ్లైంది), అదీ కదల్లేదు.
ఏడోది లాగితే
దబుక్కున కింద పడింది అంకె.

దొరికిందనుకుంటిమి.
ఏడో ఫ్యూజు కింద ఒక సంసారమే ఉంది.
అది మళ్లీ పెట్టి
డిక్కీ బల్బు పీకినా, రేడియో వైర్లు పీకినా.
గడియారం ఎప్పుడో చచ్చిపోయింది, పదీ పదికి.
మూడు టీలైనాయి,
అంకె మాత్రం అట్లే కూర్చోనుంది.
"రేపు చూద్దాంలే" నాలిక కొనకొచ్చింది.
ఆ మాటన్న రాత్రి
నాకు అన్నం దిగదు.

అప్పుడు పోయింది కరెంటు.
షెడ్డులో ట్యూబులైటు, ఎదురంగడిలో ఫ్రిజ్జు గురక,
కొండ మీది కోట
అన్నీ ఎవరో ఊదేసినట్టు.
కుళ్లాయప్ప సెల్లు వెలిగించబోయినాడు.
వద్దురా, ఆగు అంటి.

డ్యాష్‌బోర్డు పెట్టె మూత అంచుకు
వెంట్రుక మందాన
పసుప్పచ్చ గీత.

తెరిచి చెయ్యి పెడితే వేలు చురుక్కుమంది.
మూత మూస్తే నొక్కుకోవాల్సిన బటను అరిగిపోయి,
మూత వచ్చి తగిలేది తెలీక,
ఇంకా తెరిచే ఉందనుకోని
రాత్రంతా కాపలా కాస్తా ఉంది ఆ బుడ్డ బల్బు.
దేనికి కాపలా?
ఒక టికెట్ల పంచి,
నల్లబడిన దారానికి ఒక విజిలు.

ఓబుళేసు విజిలు తీసి
చొక్కా కొసతో తుడిచినాడు.
"వెచ్చగుందే" అన్నాడు.
నోట్లో పెట్టుకోలా. నేనూ ఊదమనలా.

గోరంత సైకిలు ట్యూబు ముక్క
బటను మీద అంటించి మూత మూస్తే
గీత ఆరిపోయింది.
మీటరులో సున్నా పాయింటు సున్నా రెండు.
అదుంటుంది, అదుండాల.
ఆ మాత్రం ఆకలి లేని బండి యాడుంది?

యాభై అడిగితే ఐదొందల నోటు తీసినాడు.
"చిల్లర లేదే" అంటి.
ఎన్ని వేల మందికి ఆ మాట చెప్పినాడో,
ఇప్పుడు తన చెవిన పడేసరికి పగలబడి నవ్వి
"వెనక రాసియ్యి, దిగేటప్పుడు తీసుకుంటా" అన్నాడు.

నమ్మకం కుదరక
ఐదు దినాలు నా షెడ్డు ముందరే నిలబెట్టినాడు దాన్ని.
ఆరో దినం పొద్దున్నే, పాలబండ్ల వేళకు వచ్చి
తాళం తిప్పితే
ఒక్క గుక్కకే లేచింది.

పక్క సీటు ఖాళీ.
అద్దంలో వెనక్కి చూసి,
తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి,
తనకు తానే
"రైట్... రైట్" అన్నాడు.

మలుపు దగ్గర స్పీడ్‌బ్రేకరుకు
బర్రున గీరుకునింది కడుపు.
ఆపలేదు.