కౌంటరు కింది అర

మాధవాయిపాలెం రేవుకి పోయే దారిలో
పదడుగుల కొట్టు నాది.
ప్రపంచ పటం లేదు గానీ
ఏ దేశం మీద ఎవరికి కోపం వచ్చిందో
నాకు సరుకుల్లో ముందు తెలుస్తుంది.

యుద్ధమొచ్చిందని టీవీ పూర్తిగా చెప్పకముందే
పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు మీద
నలభై రూపాయలు ఎక్కి కూచుంది.
మా వీధిలో ఆ నెల గారెల వాసన లేదు.
"ఎవరిదండీ తప్పు?" అనడిగింది చిట్టెమ్మ,
కొంగుముడిలో చిల్లర లెక్కపెట్టుకుంటూ.
రెండు దేశాల పేర్లకీ నాకు నోరు తిరగలేదు.
"పామాయిలు ఇవ్వనా?" అన్నాను.

సరిహద్దులో మన పిల్లలు పోయిన ఆ వానాకాలం
కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు.
"అత్తా, చైనా సరుకు అమ్మకు."
ఏసుపాదం అదంతా వీడియో తీశాడు.
ఆ ఫోను ఎక్కడిదని నేను అడగలేదు.
వాడి కళ్ళలో నీళ్ళు మాత్రం ఇక్కడివే.
టార్చిలైట్లన్నీ తీసి కౌంటరు కింది అరలో పెట్టాను.
తుపాను రాత్రి కరెంటు పోయాక
తడిసి ముద్దై వాడే వచ్చాడు.
"అక్కకి నొప్పులొస్తన్నాయి, ఏదో ఒక లైటియ్యి."
ఇచ్చాను. డబ్బులు తర్వాతన్నాను.
ఆడపిల్ల పుట్టింది.
ఆ బాకీ ఇంకా ఖాతాలోనే ఉంది, కొట్టెయ్యలేదు,
అడగనూ లేదు.

గాదిరాజు నరసరాజు గారి కోపం వేరు.
అమెరికా వాడు పన్నేస్తే
చెరువులో రొయ్యకేం తెలుసు,
నలభై కౌంటుకొచ్చి మేత కోసం గట్టు వైపు చూస్తుంది.
ఆయన మాత్రం ఆ దేశపు పళ్ళపేస్టు మానేశాడు.
"నా వంతు నేను చేస్తున్నానమ్మా" అన్నాడు.
పది రోజులకి పాలేరు వచ్చి గొంతు తగ్గించి
పెద్దది ఒకటి పట్టుకెళ్ళాడు,
అమ్మగారికి పళ్ళు జివ్వుమంటున్నాయట.
కాగితంలో చుట్టి ఇచ్చాను.

టైలరు ఖాదర్ వలీ కూతురి పుట్టినరోజుకి
ఏటా రెండు పెద్ద కూల్‌డ్రింకు సీసాలు కొనేవాడు.
ఈసారి గోలీసోడాలు డజను అన్నాడు.
ఎందుకని నేననలేదు, ఆయనా చెప్పలేదు.
టీవీలో కూలిన ఆసుపత్రి కింద
పిల్లల చెప్పులు నేనూ చూశాను.
అరవకుండా మానుకున్న మనిషికి
నేను సీసాలు తుడిచి మరీ ఇస్తాను.

నన్నెవరూ అడగరు గానీ
నాకూ ఒక అభిప్రాయముంది.
పెద్ద దేశాలు పెద్దిళ్ళ లాంటివి.
అరువు వాళ్ళకే ఎక్కువ,
అడగడానికి మొహమాటం మనకి.
చిన్నోడు పావుకిలో పంచదార బాకీ పడితే మాత్రం
గోడ మీద పేరు రాస్తాం.

ఇష్టాలూ ఉన్నాయి.
నీలం కాగితంలో వచ్చే ఒక సబ్బు,
దాని కంపెనీ దేశం ఏం చేస్తోందో తెలిసి కూడా
ఆదివారం తలంటుకి దాన్నే తీస్తాను.
ఆ పూట కొంచెం సిగ్గు, కొంచెం పరిమళం.

ఇంకోటి, లేసు సూది.
పన్నెండో ఏట మేనత్త సుందరమ్మ నా చేతిలో పెట్టింది.
దాని మెడ మీద పరదేశపు అక్షరాలు
నా బొటనవేలి కింద సగం అరిగిపోయాయి.
ఆ దేశం అప్పుడు మనకి మిత్రుడో శత్రువో,
ఇప్పుడేమిటో.
దాంతో అల్లిన బల్లగుడ్డలు ఓడలెక్కి పోయాయి,
డజనుకి ఇంతని మధ్యవర్తి లెక్కకట్టాడు,
ఎవరి అన్నాల కింద పరుచుకున్నాయో చెప్పలేదు.

అక్కడా ఒకావిడ ఉండే ఉంటుంది,
మన దేశం మీద ఒళ్ళు మండి
నా గుడ్డని మడిచి అడుగు అరలో తోసేసినావిడ.
పారేసి ఉండదులే.
కంచె కుట్టు మీద వేలు పెట్టి చూసి ఉంటుంది ఒకసారి,
ఇది అల్లినావిడ కళ్ళు ఎలా ఉన్నాయో అని.

బానే ఉన్నాయమ్మా. ఎడమది కొంచెం మసక.

ఉండండి, పంటు వచ్చినట్టుంది,
చిల్లర తీసి పెట్టుకోవాలి.