పెట్టె కాదు, గడి

శనివారం పొద్దున ఎనిమిదింటికి
తూంగాబీ బడి తలుపులు తెరిచాం.
బయట పెనం మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి.
లోపల పిల్లలు గంతులేసే హాల్లో
అట్టతో చేసిన ఓటు గదులు
ఎవరు పక్కనుంచి నడిచినా వణుకుతున్నాయి.

నా బల్ల మీద కాగితాలు:
అరబ్బీ, దరీ, తమిళం, డింకా,
చివర్న తెలుగు. ఇరవై ప్రతులు.
మూడు నెలల కిందట
ఒక్కో వాక్యాన్నీ చెయ్యి పట్టుకుని
ఇంగ్లీషు గట్టు నుంచి ఇవతలికి
చెప్పులు తడవకుండా దాటించింది నేనే.

ఒక్క మాట దగ్గర కాలు జారింది.
నేను గడి అని రాస్తే
పైనున్న సమీక్షకుడెవరో కొట్టేసి
పెట్టె అన్నాడు.
నేను ఈమెయిల్ పెట్టాను.
ఆయన నిఘంటువు పెట్టాడు.
నిఘంటువే గెలిచింది.
ప్రతి పెట్టెలోనూ ఒక అంకె వేయండి,
అలాగే అచ్చయింది.

ఈ ఊరి పేరు దారుగ్ మాట.
ఆ భాషలో కాగితం లేదేం అని
మా ఇన్‌ఛార్జి కోలీన్‌ని అడిగాను.
"ఎవరూ అడగలేదు" అంది.
తర్వాత చాలాసేపు
పెన్సిళ్ళు చెక్కుతూ కూర్చుంది.

పదింటికి పీరమ్మ వచ్చింది.
చీర మీద మనవరాలి స్కూలు స్వెట్టరు.
పౌరసత్వం వచ్చి నాలుగు నెలలట.
సాయం చేస్తానన్న అల్లుణ్ణి
"నువ్వు పోయి ఆ వేయించేదేందో తిను" అని
బయటికి పంపేసింది.
రాత్రిబడిలో నేర్చిన చదువు,
అక్షరం అక్షరానికీ వేలు ఆనించి
పెదాలు కదుపుతూ చదివింది.
ఆగింది.
చుట్టూ చూసింది. వంగి
బల్ల కింద కూడా చూసింది.
"పెట్టెలు యాడ పెట్టినారు?"

నాకు నవ్వు రాలేదు.
పేర్ల పక్కన చిన్న చిన్నవి, అవేనమ్మా అన్నాను.
"అవి గళ్ళు కదా!
బారాకట్ట ఆడిన ఏ పిల్లకైనా తెలుస్తాదే.
ఇది రాసినోళ్ళెవరో గాని
ఒక్కనాడూ గవ్వ పట్టినట్టు లేరు."
ఎవరో తెలీదమ్మా అన్నాను.
ఆ మాటను మాత్రం
ఏ భాషలోంచీ అనువదించలేదు.

"ఇష్టం లేనోడికి గూడా అంకె ఇయ్యాల్నా?"
ఇవ్వాలి. అందరికంటే చివరిది.
"బాగుంది. తిట్టేదానికి గూడా వరస పెట్టినారు."

పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.
చదివి పెట్టనా అంటే వద్దంది.
పాములా ఉన్నది ఒకరట, నిచ్చెనలా ఉన్నది ఇంకొకరట,
వారం రోజులుగా ఆకారాలు బట్టీపట్టిందట.
పచ్చ కాగితం, దుప్పటంత తెల్ల కాగితం
చంకలో పెట్టుకుని అట్టగదిలోకి పోయింది.
అట్ట వణకలేదు.
ఎంతసేపో.
వెనక వరుసలో ఎవరో దగ్గారు.
లోపల్నుంచి ఒక్కసారి మాత్రం వినిపించింది:
"పెన్సిలా? ఎవరన్నా తుడిచేస్తే?"

వచ్చి, మడతలు మూతి దగ్గర ఆనించి,
నా వైపు తిరిగి,
"ఇదీ పెట్టె" అంది.
వేసేసింది.

ఆ తర్వాత ఎడమచేతి వేలు చాచి నిలబడింది.
దెబ్బ తగిలిందనుకుని
కోలీన్ ప్లాస్టర్ల డబ్బా కోసం లేచింది.
ఇక్కడ సిరా పెట్టరమ్మా అన్నాను,
జాబితాలో మీ పేరు పక్కన గీత గీశాం, అంతే.
ఏ గుర్తూ లేని వేలిని
అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
"మా వదిన నమ్మదు" అని గొణుక్కుంటూ
ఉల్లిపాయల వైపు నడిచింది.

సాయంత్రం ఆరున్నరకి
అట్టగదులు విప్పుతుంటే దొరికింది
ఆవిడ మరిచిపోయిన తెలుగు కాగితం.
మరిచిపోయిందో, వదిలిపోయిందో.
పెట్టె మీద పెన్సిలు గీత.
పైన గడి.
గుడి కాస్త వంకర.

రాతలున్న కాగితాలు చెత్తలో వేయాలి, నిబంధన.
మిగిలిన పద్నాలుగూ లెక్కపెట్టి కట్ట కట్టాను.
దాన్ని మాత్రం మడిచి సంచిలో వేసుకున్నాను.
వచ్చే ఎన్నికలకి ఆ సమీక్షకుడు
మళ్ళీ నిఘంటువు పెడితే
నేను ఇది పెడతాను.