ఒకటి గానీ, మూడు గానీ

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ వెనకాల
ఐసు దంచే చోటికి ఆనుకుని చిన్న గది.
నిన్నటిదాకా ఇందులో పగిలిన తొట్లు, జత తప్పిన గమ్‌బూట్లు.
ఇవాళ మూడు సర్వర్లు.

మూడెందుకు, రెండు చాలవా, అన్నాడు మేనేజరు.
ఒకటి గానీ మూడు గానీ సార్, రెండు కుదరదు.
ఒకదాని మాట ఒకదానికి అందనప్పుడు
ఎవరిది నిజమో తేల్చేదానికి ఇంకొకటి ఉండాల.
ఆయన కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత గోడకి చెప్పినట్టు,
"మా అన్నా నేనూ నాలుగేళ్లు ఒకే గుంట చేశాం" అని
మూడోదానికి సంతకం పెట్టాడు.

ఇక్కడ పని నడిచే దారి గీయమని నన్ను పిలిచారు.
గీసేముందు నడవాలి గదా.
ఒక లాటు చీటీ వెంట నడిచాను:
తూకం దగ్గర్నించి ల్యాబుకి,
ల్యాబు నించి గ్రేడింగు హాలుకి,
అక్కడ నీసు వాసన అంటించుకుని
మెట్లెక్కి మేనేజరు బల్ల మీదికి.
ఆయన నెల్లూరు పోయుంటే ఇక బల్ల మీదే.
పైన చీటీ కాచుకోనుంటుంది.
కింద ఐసు ఎవరికోసమూ కాచుకోదు.
నలభై కౌంటు రొయ్య తల దగ్గర నల్లబడింది
గుంటలో కాదు, ఈ పదహారు మెట్ల మీద.

రాత్రి పదకొండుకి మొదలుపెట్టా.
ఎవరి పేరు మీద నడవాలని అడిగింది సర్వరు.
మనిషి పేరు ఇవ్వకూడదు.
మనుషులు మానేస్తారు, జ్వరాలు తెచ్చుకుంటారు,
పాస్‌వర్డు మర్చిపోతారు.
అందుకని లేనివాణ్ణొకణ్ణి పుట్టించాను.
ఇంటిపేరు లేదు, జీతం లేదు,
పాస్‌వర్డు మాత్రం పద్దెనిమిది అక్షరాలు.
హాజరు పట్టీకెక్కనివాడు
రేపట్నించి చీటీలన్నీ మోస్తాడు.

ఒంటిగంటకి కరెంటు పోయింది.
జనరేటరు ముందు ఐసు మిషనుకి, ఆ తర్వాతే మాకు.
అదీ న్యాయమే.
తిరిగి లేచాక మూడో సర్వరుని మిగతా రెండూ కలుపుకోలేదు,
దాని గడియారం ఏడు నిమిషాలు వెనకుంది.
దిద్దేసరికి రెండున్నర.

ల్యాబులో రాత్రి డ్యూటీ హెప్సీబా టీ తెచ్చి
తెరమీది డబ్బాలూ బాణాలూ చూసింది.
ఔనంటే ఇటు: ఫ్రీజరు, కంటెయినరు, ఓడ.
"కాదంటే?"
కాదంటే ముగిసినట్టే. ఇదిగో, ఎర్ర సున్నా.
"యాడ ముగిసింది అన్నా?
నేను కాదని రాసినప్పుడల్లా
గేటు కాడ ఒక మనిషి నిలబడి ఉంటాడే.
తెల్లారిందాకా ఎవురూ ఏం చెప్పరు.
డ్యూటీ దిగిపోతుంటే నన్నాపి అడుగుతాడు,
మా లాటేమయిందమ్మా అని.
మందు బయటపడిందని నేనెట్టా చెప్పేది, బస్సెక్కతా?"

నాలుగు నెలల మీటింగులు, ఆరుగురి ఆమోదాలు.
ఈ ప్రశ్న ఏ కాగితంలోనూ లేదు.

ఎర్ర సున్నా చెరిపాను.
'కాదు' కిందనించి ఇంకో గీత లాగాను,
రైతు ఫోను నంబరు దాకా.
ఏం రాయాలో సర్వరుకి తెలీదు, నాకూ తెలీదు.
ఆమె చెప్తుంటే కొట్టాను:
మీ లాటు తీసుకోలేకపోతున్నాం.
పాడవకుండా ఐసులో ఉంచాం.
ఏ మందు, ఎంత అనేది రాసిస్తాం.
లోపలికొచ్చి కూర్చోండి.
ఆ చివరి మాట రూల్సులో లేదన్నాను.
ఉండనీ, అంది.

నాలుగుంబావుకి మొదటి అసలు చీటీ కదిలింది.
మెట్లెక్కలేదు, నీసు అంటలేదు.
ల్యాబు దగ్గర ఆగి, 'కాదు' వైపు తిరిగింది.

గేటు ట్యూబులైటు కింద గొంతుక్కూర్చున్న మనిషి
చొక్కా జేబులో చిన్న వెలుగు.
తీసి చూశాడు. దూరం పెట్టి చూశాడు.
పాత మీటల ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి
"ఏందమ్మా ఇది, అన్నీ డబ్బాలే పడుండాయి" అన్నాడు.

ఆ ఫోనుకి తెలుగు రాదు.

హెప్సీబా గ్లౌజులు తీసి బయటికి పోయింది.
నేను సరిచేయాల్సిన వాటి పట్టీలో
ఒకటో నంబరు వేసి
ఏం రాయాలో తోచక
కాసేపు అట్టాగే ఉంచాను.