ఒకటిన్నర

ఫిబ్రవరి పోకముందే తేల్చమన్నాడు పాండురంగం సేటు:
"ఒకటా, రెండా, మూడా?
అంకె చెప్పమ్మా, కథ వద్దు."

కాటేదాన్‌లో మా రేకుల షెడ్డు కింద
ఏడాదికి పద్దెనిమిది వేల కూలర్లు.
అమ్మేది మూడు నెలలు,
అప్పు మోసేది పన్నెండు.

రాత్రి తొమ్మిదింటికి ప్రెస్సు ఆగాక
నేనూ ట్యూబులైటూ మిగులుతాం.
ఒక్కటే ఫ్యాక్టరీ అయితే
అద్దె, కరెంటు, వాచ్‌మన్, ప్రెస్సు వాయిదా
అన్నీ పంచితే కూలరుకి రెండు వందలు.
బాగానే ఉంది అనుకునేలోపు
లారీ వచ్చి కాగితం మీద నిలబడుతుంది.
ఆదిలాబాదుకి, ఖమ్మానికి, నాందేడుకి
డెబ్బై కూలర్లకే దాని కడుపు నిండిపోతుంది.
తూకం చూస్తే ఏమీ లేదు.
కూలరంటే నాలుగు రేకుల మధ్య ఖాళీ.
ఒక్కోదానికి మూడు వందల పది కిరాయి కట్టి
ఊళ్లకి గాలి తోలుతున్నాం.

వరంగల్ వైపు ఇంకొకటి పెడితే
కిరాయి నూట యాభైకి దిగుతుంది,
అద్దె మాత్రం ముందుకొచ్చి
మూడు వందల ముప్పై మూడు నాది అంటుంది.
మూడు పెడితే
మూడు ప్రెస్సులు, ముగ్గురు వాచ్‌మన్లు,
వానాకాలమంతా ఎండ కోసం ఎదురుచూపు.

గ్రాఫు గీశాను.
ఎడమ నుంచి దిగి, అడుగు తాకి, కుడికి లేచింది
మా అమ్మ ఇనప మూకుడులా.
నూనె ఎప్పుడూ అడుగుకే చేరుతుంది.
రెండు దగ్గర ఆగింది:
నాలుగు వందల ఎనభై మూడు.
పెన్నుకి మూత పెట్టేశాను.

పొద్దున చాయ్ దగ్గర
లతీఫ్ మియా ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.
ముప్పై ఏళ్లుగా రేకు వంచుతున్న మనిషి,
గోరుతో మీటి గేజు చెప్తాడు.
"పెట్టె చేసి ఎందుకు పంపుతరు మేడం?
రేకు కోసి చదునుగ పంపుండ్రి.
గాలి ఆడనే దొరుకుతది గదా."

నా చాయ్ మీద మీగడ కట్టింది.
చదును రేకులైతే లారీకి నాలుగు వందల కూలర్లు.
కోసే ప్రెస్సు ఇక్కడే, ఒక్కటే.
వంచి బిగించడానికి అక్కడొక షెడ్డు,
పది మంది మనుషులు, ఒక తాళం.
మళ్లీ వేశాను: నాలుగు వందల మూడు.
మూకుడు అడుగున ఇంకో సొట్ట ఉంటుందని
నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

కానీ వంచడం ఎవరికి వచ్చు?
మియాకి వచ్చు.
మియా చెల్లెలి కొడుకు జహంగీర్‌కి వచ్చు,
నాలుగేళ్లు పట్టింది, ఒక వేలి కొస పోయింది.
మియా గ్లాసు కింద పెట్టి ఊరుకున్నాడు.
తన సలహా తన చెయ్యినే అడుగుతుందని
అప్పుడే తట్టినట్టుంది.
ఆ నాలుగేళ్లని ఏ గడిలో రాయాలి?
"ఇతర ఖర్చులు" అని రాసి వెయ్యి రూపాయలు వేశాను.
సిగ్గేసింది.
కొట్టెయ్యలేదు.

గడ్డి మెత్తలు కుట్టే బాలమణి
గుమ్మంలోనే ఆగి అడిగింది:
"మా పని గూడ పోతదా ఆడికి?"
లేదమ్మా, మెత్తలు ఇక్కడే కుడతారు,
నొక్కి కట్టలు కట్టి పంపుతాం,
లారీలో ఎక్కువ చోటు పట్టవు.
"అవ్, నొక్కితే నొక్కుకుంటది,"
ముక్కుకి అడ్డంగా కట్టిన కొంగులోంచి నవ్వింది,
"మా లెక్క."
ఆ మాటకి ఈ పట్నంలో రెండర్థాలు.
రెండూ నా కాగితంలో లేవు.

"ఎన్ని?" అన్నాడు సేటు.
ఒకటిన్నర.
"అర ఫ్యాక్టరీ ఏడన్న ఉంటదా?" అని నవ్వి
కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు,
మళ్లీ తుడుచుకుని మళ్లీ చదివాడు.
"మేల వానలు పడితే?"
దానికి నా దగ్గర అంకె లేదు సేట్.

చేతిలో కాగితం లేక
పక్కనున్న రేకు మీదే సుద్దతో ఒకటిన్నర రాసుకున్నాడు.
సాయంత్రం షిఫ్టులో ఆ రేకు ప్రెస్సులోకి పోయింది.
ఒకటి ఏ కూలరు వీపున ఉందో,
అర ఎటు తెగిందో.