వెనక్కి నడిచే పిల్లాడు

మూడు రోజుల్లో నాలుగు కాలేజీలు.
డులూత్‌లో బయల్దేరినప్పుడు
ఐలా ఒళ్లో పసుపుపచ్చ నోటుబుక్కు,
వెనక సీట్లో తను ఏరుకున్న రాళ్ల డబ్బా.
ఇదెందుకే అంటే
"ఎవరైనా అడిగితే చూపిస్తా" అంది.

మొదటి చోట
ఒక పిల్లాడు మా వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తూ
నూటయాభై ఏళ్ల చరిత్ర అప్పజెప్పాడు.
మెట్టొచ్చినా తూలడు, మలుపొచ్చినా తిరిగి చూడడు.
ఇరవై రెండేళ్లుగా కౌంటీ వాళ్ల మంచు తోసే బండి నడుపుతున్నాను,
రివర్సులో అంత ధీమాగా నేనెన్నడూ పోలేదు.
ఐలా చెయ్యెత్తింది.
"జియాలజీ లాబు ఎక్కడ?"
"చాలా మంచి ప్రశ్న" అన్నాడు,
జిమ్ములోకి తీసుకెళ్లి ఎక్కే గోడ చూపించాడు.
ప్లాస్టిక్కు రాళ్లు.
ఎరుపు, ఊదా, చిలకపచ్చ.

రెండో చోట ఫౌంటెను కట్టేశారు.
బ్రోచరు అట్ట మీద నలుగురు
నవ్వుతూ కూర్చున్నది దాని గట్టు మీదే.
ఇప్పుడు బరకం కప్పి తాడు బిగించారు,
ఆసుపత్రిలో మొహం దాకా దుప్పటి లాగినట్టు.
గది చూపించారు. ఎవరూ ఉండని గది.
నలగని పక్క, తెరవని పుస్తకం,
కిటికీలో గుడ్డపూల కుండీ.
"మరి పిల్లలుండే గది?" అన్నాను.
అందరూ నా బూట్ల వంక చూశారు.

ఫీజు సంగతి అడిగితే ప్రతిచోటా ఒకటే చిరునవ్వు,
"ఆ అంకె చూసి బెదరకండి, అది అసలు అంకె కాదు."
అసలుదేదో చెప్పండి మరి అంటే
దానికో ఫారం ఉందన్నారు.
నాకు మంచు లెక్క తెలుసు.
పద్నాలుగు అంగుళాలంటే పద్నాలుగే.

నా పని నాకు నేర్పిన చూపు ఒక్కటే:
దారి ఎవరి కోసం తీశారో చూడటం.
మూడో కాలేజీలో
ఆఫీసు గుమ్మం నుంచి పార్కింగు దాకా
ఉప్పు చల్లిన నల్లటి దారి,
పెళ్లివారు బారులు తీరి నడిచేంత వెడల్పు.
వంటశాల వెనక మెట్ల మీద మాత్రం
మూడు రోజుల నాటి ఐసు.
ఏప్రన్ కట్టుకున్న స్టూడెంటు పిల్ల
రెండు ట్రేల గుడ్లు మోస్తూ
కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక
పీతలా పక్కకి పక్కకి దిగుతోంది.
వెళ్లి ఒక ట్రే అందుకున్నాను.
వెనక్కి చూసేసరికి గుంపు నన్నొదిలేసి పోయింది,
ఐలా ఒక్కతే నిలబడి ఏదో రాసుకుంటోంది.
తర్వాత దొంగచూపు చూశాను.
"మెట్లు." అంతే.

నాలుగోది తనకి ప్రాణం.
ఏడో తరగతి నుంచి మంచం పక్క గోడ మీద
ఆ గంటగోపురం బొమ్మ.
సరిగ్గా పన్నెండుకి దాని కింద నిలబడ్డాం.
ముందు స్పీకర్లో చిన్న గరగర,
ఆ తర్వాత గంట.
ఐలా పదకొండు దాకా లెక్కపెట్టి ఆపేసింది.
ఓదార్చబోయి నోరు మూసుకున్నాను.
ఏమని చెప్పను? గరగర బాగుందనా?

తిరుగుదారిలో, హింక్లీ దగ్గర,
పెట్రోలు బంకు బల్ల మీద చల్లారిన సూపు.
తను రాళ్ల డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది.
నాలుగు చోట్లా ఎవరూ అడగలేదు.
అప్పుడు తట్టింది నాకు:
ఇన్నేళ్లలో నేనూ అడగలేదు.
వాకిట్లో కుప్ప పోస్తే కసిరానే గానీ.

"ఆ ఎర్రచారలది ఏంటే?" అన్నాను.

నా వంక అనుమానంగా చూసింది.
అగేటు, నాన్నా.
వంద కోట్ల ఏళ్ల కిందట లావాలో చిక్కిన గాలిబుడగ,
నీరు వచ్చి పోతూ, వచ్చి పోతూ
పొర మీద పొర నింపింది.
డులూత్ దీపాలు కనిపించేదాకా చెబుతూనే ఉంది.
సగం అర్థమైంది. సగానికి తల ఊపాను.

ఇంటి మలుపు దగ్గర అంది,
మూడోదానికి అప్లై చేస్తానని.
"ఆ మెట్లున్న చోటికా?"
"అక్కడ ఒక్కరైనా నిజంగా ఏదో పని చేస్తూ కనిపించారు."

వాదించలేదు.
తెల్లారగట్ల నాలుగింటికి డ్యూటీ.
పడుకునే ముందు గరాజులోకెళ్లి
ఉప్పు బస్తా ఒకటి ఎత్తి
తన కారు డిక్కీలో పెట్టాను.
సెప్టెంబరుకి ఇంకా ఏడాదిన్నర ఉంది.