సైయుంగ్ దాకా

సిరొంచ బడిల దిగిన పదో తరగతి ఫోటో
రేకుపెట్టె అడుగున దొరికింది మొన్న.
రెండో వరుసల, ఎడమ నుంచి నాలుగు నేను.
నా పక్కన మాసె తలాండి.
అందరి మొహాలు పడ్డయి.
మాయి మాత్రం పండ్లు, కండ్ల తెల్లగుడ్లు, అంతే.

"కోళ్సా, జర నవ్వు, లేకుంటె అగుపడవు"
అన్నడు ఫోటో తీసేటాయన.
సారు సుత నవ్విండు.
కోళ్సా అంటె బొగ్గు.
మరాఠీ అక్షరాలకంటె ముందు
నాకు ఆ మాటే వచ్చింది.

నాటకంల రాక్షసి ఏషం ఎవలిదో
చీటీలు ఎయ్యకముందే తెలుసు.
ఒక ఏడు నాది, ఒక ఏడు మాసెది.
మసి ఖర్చు మిగిలిందనెటోళ్లు.

నేను పౌడర్ రుద్దిన.
సంతల కొన్న రెండు రూపాల పొట్లం.
చెమటకు కారి మెడ మీద చారలు పడితె
ఇంకింత నవ్విన్రు.
మాసె ఎన్నడు రుద్దలే.
నీళ్ల ట్యాంకు ఎనుక నా మెడ తుడుసుకుంట చెప్పింది:
వాళ్లు షురూ చెయ్యంగనే నువ్వు లెక్కపెట్టు,
మా మాటల్ల పెట్టు.
ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్...
అగో, ఇవి మా రెండు, మూడు, నాలుగే గదనే!
ప్రాణహిత అవుతలి ఒడ్డున
ఇల్లు కట్టుకున్న మేనత్తల తీరు.

శానా దినాలు అయిదుతోటే ఒడిసేది.
కొన్ని దినాలు నూరు దాటినా ఒడవకపోయేది.
మళ్ల ఉండి నుంచి.

ఒకనాడు మాసె పద్యం చదువుతుంటె
నాలిక మర్లబడ్డది.
"జంగ్లీ" అన్నరెవలో.
క్లాసంత నవ్వింది.
నేను సుత నవ్విన.
ఆ గంటసేపు నన్నెవలు సూడలే,
పానం ఎంత సల్లగుండెనో!
నవ్వుకుంటనే ఆమె పెదవులు సూసిన.
కదులుతున్నయి.
ఎన్నిటిదాకా పోయిందో నేను అడగలే, ఆమె చెప్పలే.
రాత్రి హాస్టల్ల, ఇంటికెళ్లి తెచ్చుకున్న ఎండుచేపల సగం
నా పళ్లెంల ఏసింది, ఎప్పటి లెక్కనే.
అది మాఫీ అనుకోలే నేను.
ఇప్పటికీ అనుకోను.

ఫోటో గుంజుకొని నా బిడ్డ అంటది:
"అమ్మా, అందరు బిగుసుకొని నిలబడ్డరు,
మీరిద్దరే మంచిగ నవ్వుతున్నరు."

నవ్వు కాదు బిడ్డా.
సైయుంగ్ అనేటప్పుడు
నోరు గట్లనే తెరుసుకుంటది.