నడుం కొలత

మొదటిసారి డెబ్బై ఒకటి.
నోటుబుక్కులో ఇంకా ఉంది, పెన్సిలు రాత వెలిసిపోయినా.
బర్రాకస్ పేట నుంచి వచ్చిన బక్కపలచని కుర్రాడు
ఎలిసేయో బర్రూతియా,
తోళ్ల గోదాములో మూటలు మోసిన భుజాలు,
బూటులోంచి తొంగిచూసే బొటనవేలు.
"ప్యాంటు జారాలి," అన్నాడు ప్రొడ్యూసరు,
"మూడో మాటకి. ముందు కాదు, వెనక కాదు."

నిలిచే ప్యాంటు ఎవరైనా కుడతారు.
జారేదానికి నడుం పట్టీలో రెండు ప్రెస్ బటన్లు,
ఎడమ జేబులోకి ఒక నైలాన్ దారం,
కాళ్ల అంచుల్లో సీసపు గుళ్లు, తటపటాయించకుండా.
చెయ్యి జేబులో పెట్టుకుని అతను
అద్దె బాకీ గురించి ఇంటి ఓనరుతో పెద్దమనిషిలా మాట్లాడతాడు.
ఒకటి. రెండు.
బ్యూనస్ ఐరిస్ అంతా కడుపు పట్టుకునేది
గురువారం రాత్రి తొమ్మిదింటికి.

నేను నవ్వలేదు.
పొగరు కాదు, నోటినిండా గుండుసూదులు.
సెట్టు వెనక మోకాళ్ల మీద కూర్చుని
రెండో టేకుకి రెండో ప్యాంటు సర్దుతుండేదాన్ని.
నవ్వితే గొంతులోకి పోతాయి.

ఎనభై మూడు, పెళ్లైంది.
తొంభై ఆరు, సినిమాలు, ఏడాదికి నాలుగు,
ప్రతిదాంట్లో పేరు వేరు, ప్యాంటు ఒకటే.
నూట పద్నాలుగు.
పొట్టకూటికి వచ్చినవాణ్ణి
ఇప్పుడు పొట్టే పోషిస్తోంది అనేవాడు, నా టేపు చాలక
రెండోది ముడేస్తుంటే.
ఆ ఏడే భార్య రోసారియో రైలెక్కింది, తిరిగి రాలేదు.
ఆ గురువారమూ మూడో మాటకే జారింది.
అర క్షణం ఆలస్యం. అది నాకు తెలుసు, దారానికి తెలుసు.

ఒక కుర్ర డైరెక్టరు నవ్వులేని వేషమిచ్చాడు:
కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన రైల్వే గుమస్తా.
"ఈసారి గట్టిగా కుట్టు నెలీదా."
రెండు పేటల దారం, తోలు బెల్టు,
నా భయం కొద్దీ పైన సస్పెండర్లు.
కొర్రియెంతెస్ వీధిలో మొదటి ఆట.
తెర మీద గుమస్తా బల్ల దగ్గరికొచ్చాడు,
చేతిరుమాలు కోసం ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు.
హాలు గొల్లుమంది.
చీకట్లో నా పక్క సీట్లో అతను
ఊపిరి బిగబట్టి వింటున్నాడు.
"ఎంత బాగా నేర్పానో చూడు," అన్నాడు.

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు కార్లు కడుగుతారు.
నాకు బొయెదోలో చిన్న కొట్టు, జిప్పులు, పాత కోట్లు.
మొన్న జులై చలిలో తలుపు తోసుకుని వచ్చాడు,
ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో నడుం పట్టీ.
డెబ్బై ఆరు.
డాక్టర్లు లోపల్నుంచి ఏం తీశారో అతను చెప్పలేదు,
నేనడగలేదు, సూదులు నోట్లో పెట్టుకున్నాను.

"నీ దారం అక్కర్లేదింక. బస్సులో తనంతట తనే జారింది."
పెదాల సందునుంచే అడిగాను, ఎవరన్నా నవ్వారా?
"ఒకమ్మాయి లేచి సీటిచ్చింది."

ముప్పై ఎనిమిదేళ్ల నవ్వు.
సూదులన్నీ నేలపాలు, కుర్చీ కింద, మిషను కింద,
రేపటికీ కాళ్లకి గుచ్చుకుంటాయి.
అతను కదల్లేదు.
నవ్వు పూర్తిగా అయ్యేదాకా ఆగాడు, పాత అలవాటు,
అప్పుడు తర్వాతి మాట అన్నాడు:
"ఎప్పటికిస్తావు?"

గురువారం, అన్నాను.